నోరు చూసి తోడు

ఆయమ్మ ఆ ఇరవైమూడు పిల్లల్నీ మూడుసార్లు లెక్కపెట్టింది. ఒక్కోటీ కనురెప్ప వెంట్రుకంత ఉంది, ఒక్కచోట నిలవదు, అయినా లెక్క తప్పలేదు. ముప్పై ఏళ్ళు క్రెష్‌లో పసిపిల్లల గది చూసిన మనిషికి కదిలే తలల్ని లెక్కపెట్టడం కొత్తా? అక్కడ అందరూ పిలిచిన పేరే చివరికి ఆమెకు మిగిలింది.

పని మానేశాక తోచక కూర్చుంటుందని కొడుకు కొనిచ్చిన చిన్న గాజుతొట్టి అది. అందులో వేసిన గప్పీ అనే బుల్లి రంగుచేప పిల్లల్ని కన్నది. కన్నతల్లే వాటిని గుటుక్కుమనిపిస్తుందని తెలిసి ఆయమ్మ పెద్ద చేపల్ని బకెట్లోకి మార్చేసింది. దాంతో కొడుక్కి తొట్టి బోసిగా కనిపించసాగింది.

"ఎవరైనా చూస్తే ఉత్త నీళ్ళనుకుంటారమ్మా. అందమైన చేపల్ని ఓ జత తెచ్చి వేద్దాం."

"వేద్దాంలే. ఎవర్ని వెయ్యాలో నేను చెప్తా."

"చేపల గురించి నీకేం తెలుసు?"

ఆయమ్మ నొచ్చుకుంది. చేపలు తెలియకపోవచ్చు, పసివాళ్ళ పక్కన ఎవర్ని ఉంచాలో తెలియదా? వాడి దృష్టిలో ఆమె చేసింది అసలు పనే కాదు. చిన్నప్పుడు ఎవరడిగినా "మా అమ్మ ఆఫీసులో చేస్తుంది" అనేవాడు. టాక్సీ తోలుతున్న ఈ వయసులోనూ ఆయా అన్న మాట వాడి నోట రాలేదు. అడ్డాలనాడు బిడ్డలు గానీ గడ్డాలనాడు బిడ్డలా అని సరిపెట్టుకుంటూ వచ్చింది. కానీ తనదీ ఒక విద్యేనని వాడు ఒక్కసారి ఒప్పుకుంటే చాలునని ఆమెకు గట్టి కోరిక.

చేపల దుకాణానికి బయల్దేరుతూ గాజు సీసాలో రెండు పిల్లల్ని పట్టుకుంది. అది చూసి కొడుకు తల కొట్టుకున్నాడు.

దుకాణం నిండా తొట్లు, మోటార్ల గుడగుడ. యజమాని వాళ్ళను నేరుగా వెండిరంగు చేపల దగ్గరికి తీసుకెళ్ళాడు. వెడల్పాటి రెక్కలు, ఎక్కడలేని రాచఠీవి.

"ఏంజెల్ అమ్మా. పేరుకు తగ్గట్టే దేవత. ఎవరి జోలికీ పోదు."

కొడుకు అప్పుడే తలూపేశాడు.

"ఎదిగితే దీని నోరు ఎంతవుతుంది బాబూ?" అంది ఆయమ్మ.

"అందరూ రంగు అడుగుతారు, మీరు నోరు అడుగుతున్నారేంటమ్మా!" అని యజమాని పగలబడి నవ్వాడు.

కొడుక్కి తల తీసేసినట్టయింది. "అమ్మా, ఇక పద," అన్నాడు గొంతు తగ్గించి.

ఆయమ్మ కదిలితేగా! క్రెష్‌లో అప్పుడే నడకొచ్చిన పిల్లను పసివాళ్ళ గదిలోకి తెచ్చేముందు ఆమెకో పద్ధతి ఉండేది. ఆ పిల్ల ఆకలి మీదున్నప్పుడు గాజు తలుపు అవతల కూర్చోబెట్టేది. పాకే పసివాణ్ణి చూసి నవ్విందా, కొరకడానికి ఉరికిందా అన్నదాన్ని బట్టే నిర్ణయం. మొహాలు చూసి ఆమె ఎన్నడూ మోసపోలేదు.

"వీటికి మేత వేశావా?"

"ఇంకా లేదమ్మా."

"మంచిది," అని సీసాను తొట్టి అద్దానికి ఆనించి పట్టుకుంది.

దేవతగారు ఇటు తిరిగారు. పిల్లలు ఎటు కదిలితే అటు కళ్ళు తిప్పి, టక్కున అద్దాన్ని పొడిచారు. మళ్ళీ పొడిచారు. ఈలోగా రెండో దేవత కూడా వచ్చింది.

"పైన పటారం, లోన లొటారం," అంది ఆయమ్మ.

అక్కణ్ణుంచి సీసా పట్టుకుని ఒక్కో తొట్టి దగ్గరా నిలబడింది. నల్లచారల చేపలైతే గుంపుగా ఎగబడ్డాయి. చిట్టచివర ఓ మూల తొట్టిలో బుల్లి ఎర్ర రొయ్యలు, నాలుగు నత్తలు ఉన్నాయి. నత్తలు అద్దం మీది పాచి నాకుతూ పోయాయి. రొయ్యలు అడుగున పడ్డ మేత ఏరుకుంటూ సీసా వంక చూడనైనా చూడలేదు.

"వీళ్ళను ఇవ్వు. తమ పనేదో తాము చూసుకునే రకం. పైగా ఎంగిలి కూడా ఎత్తేస్తారు."

యజమాని ముక్కున వేలేసుకున్నాడు. "పదేళ్ళుగా అమ్ముతున్నా, ఇలా పరీక్ష పెట్టినవాళ్ళను చూళ్ళేదు. లోపల నా చేపపిల్లల తొట్టిలో రోజూ రెండు మూడు తగ్గిపోతున్నాయమ్మా. ఎవరు మింగుతున్నారో కాస్త చూసిపెడతారా? అసలు మీరేం చేసేవారు?"

ఆయమ్మ నోరు తెరిచేలోగా కొడుకు ముందుకొచ్చాడు. తల్లి చేతిలోని సీసా తీసుకుని రెండు చేతులా జాగ్రత్తగా పట్టుకున్నాడు.

"ఆయా," అన్నాడు, దుకాణంలో అందరికీ వినబడేలా. "మా అమ్మ ముప్పై ఏళ్ళు ఆయాగా చేసింది. తన గదిలో ఒక్క పసిబిడ్డ ఒంటి మీద పంటిగాటు పడనివ్వలేదు."

ఆయమ్మకు ఏనుగెక్కినంత సంబరమైంది. కొంగు నడుముకు దోపుకుని, ఆ తొట్టి ఎక్కడుందో చూపించమని యజమానికి సైగ చేసింది.