వాసన లేని పొగ

నాకు కోపం ఎక్కువ. ఆ సంగతి మా పేటలో అందరికీ తెలుసు, మా ఆయన బెంజమిన్‌కి ఇంకా బాగా తెలుసు. అయితే ఆ రోజు నాకు కలిగింది కోపం ఒక్కటే కాదు, తల కొట్టేసినంత అవమానం.

రెండేళ్ళ కిందటి మాట. ఆత్రేయపురం అవతల కాలవ గట్టు మీద మా పేట. బొత్తిగా గతిలేని వాళ్ళకి బతుకుతెరువు చూపిస్తామని ఒక సంస్థ వాళ్ళు వచ్చారు. పని నేర్పుతారు, సరంజామా ఇస్తారు, రెండేళ్ళపాటు వారం వారం ఇంటికొచ్చి చూస్తారు. ఆ తర్వాత మన కాళ్ళ మీద మనం నిలబడాలి. ఎవరిని తీసుకోవాలో పేట వాళ్ళే తేల్చాలట. కమ్యూనిటీ హాలు ముందు నేల మీద సున్నంతో గీతలు గీశారు. ఒక్కో ఇంటికీ పేరు రాసిన ఒక్కో అట్టముక్క. ఉన్నవాళ్ళ అట్టలు పైన, లేనివాళ్ళవి కింద. అన్నిటికన్నా కింది వరసలో పది అట్టలకే చోటు.

నా అట్ట నేనే పట్టుకెళ్ళి దానికి పై వరసలో పెట్టాను. అప్పటికి మా ఆయన కొబ్బరి దింపుకెళ్ళి చెట్టు మీంచి పడి, నడుం విరిగి ఆరు నెలలు. రేషను బియ్యం సగం నెలకే అయిపోయేవి. గ్యాస్ బండ ఖాళీగా మూల పడి ఉండేది. అయినా రోజూ సాయంత్రం పెరట్లో పుల్లల పొయ్యి వెలిగించేదాన్ని. దాని మీద ఉత్త నీళ్ళు మరిగేవి. పొగ లేస్తే చాలు, ఇందిర ఇంట్లో వంటవుతోందని నలుగురూ అనుకుంటారు. పరువంటే అదే అనుకునేదాన్ని.

పక్కింటి ముత్యాలు పిన్ని లేచింది. నా అట్ట తీసి కింది వరసలో ఠపీమని పెట్టింది.

"దీనికంటే లేనోళ్ళు ఈ పేటలో ఎవరున్నారండీ. రోజూ పొగొస్తుంది గానీ వాసన రాదు. ఉత్త నీళ్ళు కాచుకుంటుంది," అంది, అందరూ వినేలా.

నేను తలెత్తలేదు. చెంగు నోట్లో కుక్కుకుని ఇంటికి వచ్చేశాను. నా వెనక ఏం జరిగిందో చూడలేదు. ఆ రోజు నుంచి పిన్నితో మాట మానేశాను.

మర్నాడు సంస్థ తరఫున కరుణ అనే అమ్మాయి వచ్చి నా పేరు ఖాయమైందని చెప్పింది. "మేం ముష్టోళ్ళం కాదమ్మా, వెళ్ళు," అన్నాను. "ఆయ్, అలాగేనండీ," అని వెళ్ళిపోయి, మర్నాడు మళ్ళీ వచ్చింది. మూడోసారి వచ్చినప్పుడు మా ఆయన మంచం మీంచి, "రోషం ఉడకేసుకుని తింటామా ఇందిరా," అన్నాడు. ఆ మాటకి ఒప్పుకున్నాను. కానీ మనసులో ఒట్టు పెట్టుకున్నాను. రెండేళ్ళు తిరిగేసరికి ఆ అట్టని నా చేత్తో పైకి జరుపుతాను, ముత్యాలు పిన్ని కళ్ళారా చూడాలి.

నాకు పూతరేకుల పని నేర్పారు. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకు మంట. పలచగా కలిపిన బియ్యప్పిండిలో గుడ్డ ముంచి, కుండ మీద పరిచి లాగెయ్యాలి. రెప్పపాటు ఆలస్యమైతే రేకు మాడుతుంది, తొందరపడితే చిరుగుతుంది. మొదటి నెలంతా చిరుగులే, వేళ్ళ నిండా బొబ్బలే. కరుణ ప్రతి మంగళవారం వచ్చి, "ఈ వారం ఎన్ని చిరిగేయండీ," అని అడిగేది. "నీ పుణ్యమా అని అన్నీ," అనేదాన్ని. నవ్వి, పక్కన కూర్చుని ఆకులు అందించేది. మా ఆయన లేచి కూర్చోగలిగాక మంట ఆయన చూసుకున్నాడు. చెట్లెక్కిన మనిషి, ఏ ఆకు ఎంతసేపు మండుతుందో ఆయనకి తెలుసు.

గొప్పలు చెప్పుకుంటున్నాననుకుంటే అనుకోండి, ఇప్పుడు నా రేకుకి పేరుంది. మిఠాయి కొట్టు వీర్రాజుగారు ఒకనాడు నా రేకు వెలుగుకి పట్టి చూసి, "దీంట్లోంచి పేపరు చదవచ్చండీ ఇందిరగారూ," అన్నారు. నన్ను గారూ అన్నారు. ఇంటికొచ్చి ఆ మాట మా ఆయనకి మూడుసార్లు చెప్పాను. రోజూ వండుకోవడం మొదలైంది, ఒకనాడు పప్పు, ఒకనాడు చేపల పులుసు. గిన్నె మూత తీసేటప్పుడు వాసన పిన్ని ఇంటి వైపు పోయేలా గాలివాటం చూసుకునేదాన్ని. అంత కక్ష నాది.

మొన్న రెండేళ్ళు నిండాయి. మళ్ళీ అక్కడే గీతలు, అట్టలు. గట్టెక్కినవాళ్ళు తమ అట్ట పైకి జరపాలి, కింది వరసకి కొత్తగా పదిమందిని ఎంచాలి. క్రిస్మస్ చీర కట్టుకుని వెళ్ళాను. మా ఆయన కర్ర పట్టుకుని నా పక్కనే నడిచాడు. నా అట్ట తీసి రెండు వరసలు దాటించి పెట్టాను. అందరూ చప్పట్లు కొట్టారు. గర్వంతో నా గుండె నిండిపోయింది. పిన్ని ఎక్కడుందా అని వెతికాను. చివర కూర్చుని తనూ చప్పట్లు కొడుతోంది. అందరికంటే ఆఖరున ఆపింది.

కరుణ పాత జాబితా విప్పి పేర్లు సరిచూస్తోంది. పదో చోట ఒక పేరు కొట్టేసి, పక్కన నా పేరు రాసి ఉంది.

"ఈ కొట్టేసింది ఎవరిదమ్మా?" అన్నాను.

కరుణ గొంతు తగ్గించింది. "ముత్యాలుగారిదండీ. ఆ రోజు మీ అట్ట పెట్టేక పదకొండయ్యేయి. ఒకటి తీయాలన్నాం. మీరు వెళ్ళిపోయేక ఆవిడ తనది తీసి పై వరసలో పెట్టేసేరు. మీకు చెప్పొద్దన్నారండీ."

పిన్ని మొగుడు ఎటో వెళ్ళిపోయి పదేళ్ళు. పోయాడనడానికి కాగితం లేదు, అందుకని వితంతు పింఛనూ లేదు. కూలికెళ్ళే ఓపికా లేదిప్పుడు. ఇవన్నీ నాకు తెలిసినవే. రోజూ సాయంత్రం ఆ ఇంట్లోంచి పొగ రావడం చూస్తూనే ఉన్నాను. దాంతోపాటు వాసన వస్తోందా అని రెండేళ్ళలో ఒక్కనాడూ పట్టించుకోలేదు. ఉత్త పొయ్యి వెలిగించిన దాన్ని, నాకు తెలియాలి. నా మీద నాకే అసహ్యం వేసింది.

పిన్ని అట్ట ఈసారి కూడా పై వరసలోనే ఉంది. తనే పెట్టుకుంది. నేను వెళ్ళి దాన్ని తీసి కింది వరసలో ఠపీమని పెట్టాను.

"ఈవిడకంటే లేనోళ్ళు ఈ పేటలో ఎవరున్నారండీ. రోజూ పొగొస్తుంది గానీ వాసన రాదు," అన్నాను, అందరూ వినేలా.

పిన్ని మొహం మాడిపోయింది. చెంగు దులుపుకుని లేచింది. నేను గబగబా వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను.

"వెళ్ళకండి పిన్నీ. ఆవేళ నేను లేచి వెళ్ళిపోయి రెండేళ్ళు మీ మాట పోగొట్టుకున్నాను. రేపట్నుంచి నా కుండ పక్కనే మీ కుండ. నేనే నేర్పుతాను."

పిన్ని మూతి ముడుచుకుంది. చెయ్యి మాత్రం లాక్కోలేదు. నేల చూస్తూ అంది:

"పులుసులో చింతపండు ఎక్కువేస్తున్నావే."

"మీకెలా తెలుసండీ?"

"వాసన నేరుగా మా ఇంట్లోకే వచ్చేది కదే. అదొచ్చిన రోజు నిమ్మళంగా పడుకునేదాన్ని."