పదహారు రోజుల తరుగు

నా కడుపులో బిడ్డ ఎంత పెరిగిందో నాకంటే ముందు ఒడ్డన్‌చత్రం కూరగాయల మార్కెట్టుకి తెలిసేది. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు, ఒళ్ళు మండి చెబుతున్నాను.

మా ఆయన తంగదురైకి ఆ మార్కెట్లో కమీషన్ మండీ ఉంది. తెల్లారకముందే లారీలు దిగుతాయి, వేలం పాడతారు, ఎండెక్కేసరికి ఇంటికొస్తాడు. నాకు నెల తప్పిందని తెలిసిన రోజునే ఫోన్లో ఏదో యాప్ ఎక్కించుకున్నాడు. వారం మారగానే అది టింగుమని మోగి, ఈ వారం మీ పాపాయి ఫలానా కాయంత అయింది అని చెబుతుంది. మామూలు మనిషైతే చదివి, మురిసి, జేబులో పెట్టుకుంటాడు. ఈయన పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ కాయలు తూచిన మనిషాయె.

"నిమ్మకాయంత అంటే ఏ నిమ్మకాయంతే? నాటుదా, గింజల్లేనిదా? ఫస్టు రకమా, సెకండా? ఏం రాశాడు వీడు, మార్కెట్ మొహం చూశాడా ఎప్పుడైనా?" అని ఫోనుతో తగువు పెట్టుకునేవాడు. మర్నాడు మండీ నుంచి ఒక నిమ్మకాయ ఏరి తెచ్చి నా అరచేతిలో పెట్టాడు. "పట్టుకో పూంగొడీ. ఇదీ మన బిడ్డ."

నా కళ్ళు చెమర్చిన మాట నిజమే. ఎందుకు అబద్ధం చెప్పాలి? కానీ ఆ నిమ్మకాయని గూట్లో పెట్టి పడుకుని లేచేసరికి మా అత్తగారు దాన్ని పిండి అన్నం కలిపేసింది. నేను కంచం పక్కకి నెట్టాను. ఆయన మాత్రం లొట్టలేసుకుంటూ, "తినవే, బిడ్డకి బలం" అన్నాడు.

అక్కడి నుంచి మొదలైంది నా కర్మ. వంకాయ వారం వచ్చింది. యాప్‌లో బొమ్మ మూరెడు పొడవుంది. "ఇంత వంకాయ ఈ చుట్టుపక్కల ఎక్కడా పండదు. మన కాయల లెక్కలో ఏడు" అని పళ్ళెంలో ఏడు వంకాయలు పేర్చి నా ఒళ్ళో పెట్టాడు. నేను ఏడుగుర్ని కంటున్నట్టు కల వచ్చింది. బెంగుళూరు వంకాయ వారం కొడైకొండ రైతు ఒకాయన గోనెడు పంపాడు, ఉచితంగా. హమాలీలు నన్ను బజార్లో చూస్తే నమస్కారం పెట్టి, "వదినా, ఈ వారం ఏం కాయ?" అని అడిగేవాళ్ళు. సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. ఈయన నోట్లో నువ్వుగింజ నానదు.

మా అత్తగారు సొర్ణమ్మాళ్‌కి ఇదంతా నిప్పుల మీద నడిచినట్టుండేది. పెళ్ళయిన నాలుగేళ్ళకే భర్త పోయి, ఒక్క కొడుకుని పెట్టుకుని మండీ నడిపిన మనిషి ఆవిడ. దేనికీ జడవదు, దిష్టికి తప్ప.

"ఒరేయ్ దురై, కడుపు సంగతి కడుపులోనే ఉండాలిరా. సంతలో టముకు వేస్తావేంట్రా? నరుడి కంటికి నల్లరాయి కూడా పగులుతుంది."

"దిష్టేంటమ్మా ఇంకా? ఇది సైన్సు."

"నీ సైన్సు నా పొయ్యిలో పెట్ట! ఇన్ని వారాలేంట్రా, వారాలు? వారాలు సంతకి, వడ్డీకి. బిడ్డకి నెలలు." అని రోజూ సాయంత్రం ఉప్పూ మిరపకాయలూ నా చుట్టూ తిప్పి పొయ్యిలో వేసేది. ఘాటుకి నేను దగ్గేదాన్ని. నేను దగ్గితే దిష్టి గట్టిగా తగిలిందని మళ్ళీ తిప్పేది.

ఆయనకి కాయలు, ఆవిడకి మిరపకాయలు. మోసేది నేనని ఇద్దరికీ గుర్తులేదు. తొమ్మిదో నెలలో గాజులు తొడిగే వేడుక చేసి పళనిలో మా అమ్మ దగ్గరికి పంపుతారు, అప్పటిదాకా ఓర్చుకోవాలి అని పళ్ళు బిగబట్టుకున్నాను.

ఒక్క విషయం మాత్రం మొదటి నుంచీ తేడాగానే ఉండేది. యాప్ చెప్పిన దానికంటే స్కానింగులో బిడ్డ ఎప్పుడూ రెండు కాయలు వెనకే. "తేదీ సరిగ్గానే చెప్పారా?" అని డాక్టరమ్మ ఒకసారి తెర అవతల అడగడం, "సరిగ్గానే మేడమ్" అని ఈయన అనడం నాకు బల్ల మీద నుంచి వినపడింది. మొదటిసారి ఆస్పత్రికి వెళ్ళినప్పుడు నేను బయట తొట్టి దగ్గర వాంతులతో సతమతమవుతుంటే, లోపల అత్తయ్యని పక్కన పెట్టుకుని వివరాలన్నీ ఈయనే చెప్పాడు. ఇంత బుద్ధిగా కాయలు తూచేవాడు తేదీ తప్పు చెబుతాడని నేనెలా అనుకుంటాను?

ముప్పై ఆరో వారం మోగిన రోజున డాక్టరమ్మ ముఖం ముడుచుకుంది. "ఈ వారానికి ఉండాల్సిన బరువు లేదు. చాలా వెనకబడింది. లోపల ఉంచితే లాభం లేదేమో. సోమవారం చేరిపోండి, ఆపరేషన్ చేసి తీసేద్దాం" అంది.

 ఇంటికొచ్చాక అందరూ తలోమాట అన్నారు. "అన్ని కళ్ళూ పడితే ఎండిపోదూ బిడ్డ?" అని అత్తయ్య కొడుకుని తిట్టింది. "ఇది తింటేగా! పెట్టినవన్నీ పక్కకి నెట్టింది" అని కొడుకు నన్ను తిట్టాడు. నేను ఎవర్ని తిట్టను? నా బిడ్డని నేనే సరిగ్గా మొయ్యలేదన్న మాట ఛాతీ మీద బండలా కూర్చుంది. గదిలోకి పోయి పొట్ట పట్టుకుని ఏడ్చాను. లోపల అది హాయిగా తంతూనే ఉంది.

మర్నాడు ఆయన మండీ నుంచి వచ్చి స్నానానికి వెళ్ళాడు. మంచం మీద ఫోను టింగుమంది. ఆ చప్పుడుకి నాకు పూనకం వచ్చినట్టయింది. ఆ యాప్‌ని పీకి పారేద్దామని తెరిచాను. ఎక్కడ నొక్కానో ఏమో, మొదట్లో నింపిన వివరాలు వచ్చాయి. ఆఖరుసారి బయట చేరిన తేదీ, జూలై మూడు.

నేను లేచి కూర్చున్నాను. జూలై మూడు కాదు. ఆడి మూడు. తమిళ నెల ఆడిలో మూడో రోజు, అంటే జూలై పంతొమ్మిది. నాకు ఎలా మరుపొస్తుంది? కొత్త పెళ్ళికూతురు ఆడి నెలలో అత్తారింట్లో ఉండకూడదని మా అమ్మ వచ్చి పళని తీసుకెళ్ళింది. వెళ్ళిన మూడో రోజున మా వీధి మారియమ్మ గుళ్ళో అంబలి పోస్తుంటే, నేను బయట చేరి వాకిట్లోనే కూర్చుండిపోయాను. ఆ తర్వాత ఆడి పద్దెనిమిది పండక్కి ఈయన కోయంబత్తూరు లోడు అని తల్లికి చెప్పి, మునక్కాయల కట్ట పట్టుకుని మా ఇంట్లో దిగాడు. ఆ రాత్రి తిరిగి వెళ్ళలేదు.

తువ్వాలు చుట్టుకుని వచ్చినవాడి ముఖం ముందు ఫోను పెట్టాను. "ఏంటిది? నేను బయట చేరింది ఆడి మూడున కదా!"

చూశాడు. తల తుడుచుకోవడం ఆపేశాడు.

"ఆస్పత్రిలో అమ్మ పక్కనే కూర్చుందే. ఆడిలో మీ ఇంటికొచ్చానని ఎలా చెప్పను? ఆడిలో కడుపైతే ఏప్రిల్ సగం దాటాక, చిత్తిరైలో కాన్పు. చిత్తిరై బిడ్డ ఇంటి మగాణ్ణి మింగుతుందని అమ్మకి ప్రాణభయం. అందుకని ఆడికి ముందే అన్నట్టు కాస్త వెనక్కి జరిపా. ఎంతని? పదహారు రోజులు."

"పదహారు రోజులు!"

"బస్తాకి రెండు కిలోలు తరుగు తియ్యమా? అలాగే అనుకున్నా. కాన్పు దగ్గరికొచ్చేసరికి అదే సర్దుకుంటుందని..."

"అది బస్తా కాదండీ, బిడ్డ! సన్నగా లేదు, వెనకబడలేదు. దాని వయసుకి అది సరిగ్గానే ఉంది. మీ తరుగు వల్ల సోమవారం పండకుండానే కోసేస్తారు దాన్ని! నేను తినలేదన్నారే, నిన్న మీరే అన్నారే!" నా గొంతు వీధిలోకి వినిపించి ఉంటుంది. వినిపించనీ.

గుమ్మంలో అత్తయ్య నిలబడి ఉంది. చేతిలో గరిటె నుంచి సాంబారు నేల మీద కారుతోంది.

"ఆడి మూడు. నిజమేనా పూంగొడీ?"

"నిజమే అత్తయ్యా."

ఆవిడ అక్కడే గడప మీద కూర్చుని వేళ్ళ కణుపులు లెక్కపెట్టడం మొదలుపెట్టింది.  ముందు నుయ్యి, వెనక గొయ్యి. చిత్తిరై అని తేలితే ఈవిడే సోమవారం ముహూర్తం ఖాయం చేస్తుంది. ఈ ఇంట్లో నా బిడ్డ తరఫున ఎవరున్నారు, నేను తప్ప? ఆస్పత్రి గుమ్మానికి అడ్డంగా పడుకుంటాను గానీ ఒప్పుకోను అని అప్పుడే అనుకున్నాను.

నా భయానికి నోరొచ్చినట్టు ఆయనే అన్నాడు. "అమ్మా, ఎలాగూ సోమవారం తీస్తామన్నారు కదా. డాక్టరమ్మకి ఏమీ చెప్పకుండా అలాగే కానిచ్చేస్తే... చిత్తిరై తప్పిపోతుంది. ఈ రోజుల్లో అద్దాల పెట్టెలో పెట్టి పెంచుతారు."

నా చేతిలో ఫోను గోడకి తగిలి ఎక్కడో పడింది. అత్తయ్య తలెత్తలేదు. లెక్క పూర్తి చేసింది.

"ఇది ఎనిమిదో నెల" అంది మెల్లగా. "ఏడో నెల బిడ్డయినా బతుకుతుంది గానీ ఎనిమిదో నెల బిడ్డ దక్కదు అనేది మా అమ్మ. తొమ్మిదో నెలని చెప్పి నా చేతే ఒప్పించావు కదరా."

"అవన్నీ పాతకాలపు మాటలమ్మా."

"మరి చిత్తిరై మాట కొత్తకాలపుదా?"

 అత్తయ్య గోడ పట్టుకుని లేచి, గరిటె నాకందించి, చేతులు కడుక్కుంది.

"చొక్కా వేసుకుని ఆటో పిలు. డాక్టరమ్మ దగ్గరికి పోవాలి. అసలు తేదీ నీ నోటితోనే చెప్పాలి."

ఆయన కదల్లేదు. మార్కెట్టంతా దద్దరిల్లేలా వేలం పాడే గొంతు పీలగా వచ్చింది. "అమ్మా, చిత్తిరైలో పుట్టాక నాకేమైనా అయితే?"

అంతవరకు నాకు తట్టలేదు, ఆయనా నిజంగానే భయపడుతున్నాడని. అత్తయ్య కొడుకు వంక చూసింది. ఉన్న ఒక్క కొడుకు. ఆవిడ కళ్ళు నీళ్ళతో నిండాయి. మాట మాత్రం వణకలేదు.

"అయితే అవనీరా. నువ్వు ముప్పై రెండేళ్ళు తిన్నావు, తిరిగావు, తల్లితో అబద్ధాలు కూడా ఆడావు. ఆ కడుపులోది ఇంకా ఒక్క ముద్దయినా తినలేదు."