తల్లి గుర్తుపట్టని పిల్ల

1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చిన నాటి నుంచి, అక్కడ పనికి పోయిన కాశీరాం కబురు ఆగిపోయింది. ఆర్మూర్‌లో అతని భార్య అంజవ్వ పగలంతా మండీలో పసుపు కొమ్ములు ఏరేది. సాయంత్రం, గల్ఫ్ నుంచి ఎవరైనా తిరిగొచ్చారని వింటే చాలు, ఆ ఇంటి ముందు పోయి నిలబడేది.

"మా ఆయన ఏడన్న కనబడ్డడా అన్నా?"

వచ్చినవాళ్లు తల అడ్డంగా ఊపేవాళ్లు. ఎడారి దాటి, గుడారాల్లో పడుండి, బొంబాయి మీదుగా ఇల్లు చేరిన మనుషులు వాళ్లు. వాళ్ల కళ్లలోకి చూడాలంటే అంజవ్వకు భయమేసేది.

కాశీరాం పోయినప్పుడు కూతురు గంగామణికి ఆరేళ్లు. మధ్యలో ఒక్కసారి కూడా రాలేకపోయాడు. పాస్‌పోర్టు కంపెనీ దగ్గర ఉండేది, సెలవు అడిగినప్పుడల్లా వచ్చే ఏడు చూద్దామనేవాళ్లు. ఇప్పుడా పిల్ల ఎనిమిదో తరగతి. తల్లి భుజం దాటి పెరిగింది.

పక్కింటి భాగ్యవ్వ మనవడికి పేరు పెట్టిన రోజు టీవీ, వీసీఆర్ కిరాయికి తెచ్చారు. పొద్దున ఒక తెలుగు సినిమా వేశారు. అన్నాలు తిన్నాక ఇంకేం పెడదామని అనుకుంటుంటే భాగ్యవ్వకు గుర్తొచ్చింది.

"అంజీ, నీ పెనిమిటి నిరుడు క్యాసెట్ పంపిండంటివి గదా. తేరాదు, చూద్దం."

నిజమే. సెలవు మీద వచ్చిన ఒకతనితో కాశీరాం దుప్పటి, టార్చిలైటు, కూతురికి బట్టలు పంపాడు. వాటి నడుమ ఆ క్యాసెట్ ఉంది. పైన ఏదో అరబ్బీ రాత. ఇంట్లో టీవీ లేక అది సందుగలోనే ఉండిపోయింది. అంజవ్వ ఒక్క ఉరుకున పోయి తెచ్చింది. అందులో కువైట్ కనబడుతుందని ఆమె ఆశ. రోడ్లు, దుకాణాలు, నడిచిపోయే మనుషులు. ఆ మనుషుల్లో ఎక్కడో ఒక మూల కాశీరాం.

బొమ్మ పడింది. రాళ్లగుట్ట, దాని మీద సున్నం వేసిన తెల్లటి ఇళ్లు, వెనక సముద్రం. కింద అరబ్బీ అక్షరాలు వచ్చి పోతున్నాయి.

"గిది మన సిద్దుల గుట్ట లెక్కనే ఉన్నదే!" అన్నారెవరో. అందరూ నవ్వారు.

తెర మీద గంగామణి ఈడు పిల్ల, రెండు జడలు. తల్లి ఆ పిల్లకు తల దువ్వి, నుదుటి మీద ముద్దు పెట్టి, చేతికి కడవ ఇచ్చి నీళ్లకు పంపింది. పిల్ల గుట్ట దిగి బావి దగ్గర ముఖం కడుక్కుంది. మళ్లీ ఎక్కివచ్చి తలుపు కొట్టింది. తల్లి తలుపు తీసి, ఎవరమ్మా నువ్వు అన్నట్టు చూసింది. వాళ్ల మాట ఒక్కటీ తెలియకపోయినా ఆ చూపు మాత్రం గదిలో అందరికీ తెలిసింది.

"పరాచికాలాడుతున్నది తల్లి," అంది ఒకామె.

పరాచికం కాదు. తల్లి లోపలికి పోయి ఒక రొట్టె తెచ్చి, దారిన పోయే వాళ్లకు ఇచ్చినట్టు పిల్ల చేతిలో పెట్టి తలుపు మూసింది. ఆ తరువాత తెర మీద ఆ మూసిన తలుపే ఉంది. ఎంతసేపటికీ అదే.

"టేపు ఇరికినట్టున్నది." ఒకతను లేచి వీసీఆర్ మీద తట్టాడు. అంతలో తలుపు ముందు నుంచి ఒక పిల్లి నడిచిపోయింది. టేపు ఇరకలేదు.

"పాట లేదు, ఫైటు లేదు. గిదేం సినిమా?" అని మగవాళ్లు ఒక్కొక్కరే లేచి వాకిట్లోకి పోయారు. ఆడవాళ్లు మిగిలారు. తెర మీది పిల్ల పడవ దగ్గరున్న తండ్రి దగ్గరికి పోయింది, ముసలమ్మ దగ్గరికి పోయింది, తోటి పిల్లల దగ్గరికి పోయింది. ఎవరూ కసరలేదు, ఎవరూ కొట్టలేదు. అందరూ మంచిగానే మాట్లాడారు. ఒక్కరూ గుర్తుపట్టలేదు.

"యాది మరిచే మందు పెట్టిన్రేమో ఊరందరికి," అంది భాగ్యవ్వ.

మూలన కూర్చున్న ముసలి భీమవ్వ గొంతు తగ్గించి అంది. "కాదే. పిల్ల బావికాడనే సచ్చిపోయింది. తిరుగుతున్నది పిల్ల కాదు."

బాలింత తన బిడ్డను కొంగు కింద కప్పుకుని లోపలింట్లోకి పోయింది. "బంద్ పెట్టుండ్రి," అంది భీమవ్వ. కానీ లేచి ఆ టీవీ దగ్గరికి పోవడానికి ఎవరికీ కాళ్లు రాలేదు. అప్పుడే తెర మీది పిల్ల తల తిప్పి తిన్నగా వీళ్ల వైపే చూసింది. నన్ను మీరన్నా ఎరుగుదురా అని అడుగుతున్నట్టే ఉంది. కరెంటు పోయింది. ఎవరో కెవ్వుమన్నారు.

అంజవ్వ కూతురి వైపు చూసింది. గంగామణి నల్లబడిన తెర మీది నుంచి కళ్లు తిప్పలేదు.

ఆ సాయంత్రం పొయ్యి దగ్గర కూర్చుని గంగామణి అడిగింది. "అమ్మా, బాపు వస్తే నన్ను గుర్తువడతడా?"

"పిచ్చిదానా. కన్నబిడ్డను గుర్తువట్టకుంట ఉంటడా?"

"గా పిల్ల గూడ కన్నబిడ్డనే గదా."

అంజవ్వ కసిరింది. కానీ రొట్టె కాలుస్తూ కాశీరాం ముఖాన్ని మనసులోకి తెచ్చుకోబోతే రాలేదు. గోడ మీది ఫోటో వచ్చింది. ఆ ఫోటో కదలదు, మాట్లాడదు. నవ్వితే అతని ముఖం ఎట్లా అవుతుందో ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు. పెనం మీద రొట్టె మాడిపోయింది.

మరునాడు భీమవ్వ ఇంటికే వచ్చింది. "గది మంచి క్యాసెట్ కాదు అంజీ. మనిషి కబురు లేని యాళ్ల ఇంట్ల ఉంచొద్దు. కాలువల పడెయ్యి." అంజవ్వ దాన్ని కొంగులో చుట్టుకుని కాలువ దాకా పోయింది. అతని చెయ్యి తగిలిన వస్తువు. పారేస్తే అతన్నే పారేసినట్టవుతుందేమోనని తిరిగొచ్చింది.

దసరా పోయింది. బడికి ఇంకా సెలవులే. మధ్యాహ్నం గంగామణి ఒక్కతే ఇంట్లో ఉండగా ఎవరో తలుపు కొట్టారు. తీసింది. గడ్డం పెరిగిన మనిషి, చెంపలు లోపలికి పోయాయి, వెంట్రుకలు సగం తెల్లబడ్డాయి. చేతిలో ఒక ప్లాస్టిక్ సంచి. ఇల్లు గుర్తుపట్టలేనట్టు గల్లీ అటూ ఇటూ చూశాడు.

"అంజవ్వ ఇల్లు గిదేనా?"

"అవును. మండీల ఉన్నది."

అతను ఆ పిల్లను పైనుంచి కిందికి చూశాడు. "నువ్వు ఎవల బిడ్డవమ్మా?"

ఆ మాటకు గంగామణి ఒక అడుగు వెనక్కి వేసింది. అతని ముఖంలో ఏదో మారింది. "నేను... కాశీరాంను," అన్నాడు. అతను అడుగు ముందుకు వేసేలోపే ఆమె తలుపు వేసి గొళ్లెం పెట్టింది. వెనక దొడ్డి గోడ దూకి, చెప్పులు లేకుండా మండీ దాకా పరుగెత్తింది.

అంజవ్వ పసుపు కుప్ప ముందు కూర్చుని ఉంది. కూతురు వచ్చి ఎదురుగా నిలబడి రొప్పుతూ అడిగింది.

"అమ్మా, నేనెవల్ని?"

"ఏమైందే నీకు?"

"చెప్పు! నేనెవల్ని?"

"గంగామణివి. నా బిడ్డవు. ఏమైంది?"

"బాపు వచ్చిండు. నన్ను గుర్తువట్టలే."

అంజవ్వ చేతులు కూడా కడుక్కోకుండా లేచి పరుగు తీసింది. గల్లీ మొదట్లోకి వచ్చి ఆగిపోయింది. తన ఇంటి గడప ముందు ఒక మనిషి మోకాళ్లలో తల పెట్టుకుని కూర్చున్నాడు. అలికిడికి తలెత్తాడు. ఆమె చూసింది. ఇంకా చూసింది. ఆ మనిషి ఎవరో ఆమెకు తెలియలేదు.

వెనక కూతురు కొంగు పట్టుకుని ఉంది. గోడల మీది నుంచి భాగ్యవ్వ, భీమవ్వ, ఇంకా ఎవరెవరో చూస్తున్నారు.

"అంజీ," అన్నాడు ఆ మనిషి. గొంతు కూడా బొంగురుపోయి ఉంది.

తాను ఇప్పుడు ముందుకు నడవకపోతే ఈ మనిషి ఇక్కడే, ఈ గడప ముందే చచ్చిపోతాడని ఆమెకు అనిపించింది. నడిచింది. "వచ్చినవా," అంది. తన మాట ఎవరో అన్నట్టు వినబడింది. అతను ఆమె చేతులు పట్టుకుని ఏడ్చాడు. ఆమె కూడా ఏడ్చింది. అది సంతోషంతో వచ్చిన ఏడుపని అందరూ అనుకున్నారు.

మరునాడు భీమ్‌గల్ నుంచి కాశీరాం అన్న పెద్దులు వచ్చాడు. రావడం రావడమే తమ్ముణ్ణి కౌగిలించుకుని, "గిట్లయినవేందిరా!" అని భోరుమన్నాడు. అంజవ్వ తలుపు చాటున నిలబడి చూసింది. సొంత అన్నే గుర్తుపట్టాడు కదా అని ఆమెకు కాస్త ధైర్యం వచ్చింది. కానీ గంగామణి ఇంట్లోకి రాలేదు. భాగ్యవ్వ ఇంట్లోనే తిని అక్కడే పడుకునేది. తండ్రి ఎదురైతే గోడకు అంటుకుపోయేది. కాశీరాం పిలవలేదు. పలారంలో రొట్టెలు మిగిలితే గుడ్డలో చుట్టి సంచిలో దాచుకునేవాడు. రోడ్డు మీద లారీ టైరు పేలితే మంచం కిందికి దూరేవాడు.

బడి తెరిచే రోజు పుస్తకాల కోసం గంగామణికి ఇంటికి రాక తప్పలేదు. కాశీరాం వాకిట్లో కూర్చుని ఉన్నాడు. భాగ్యవ్వ తోడొచ్చింది. గంగామణి గడప దగ్గర ఆగింది. అక్కడి నుంచే అడిగేసింది.

"గా సినిమా ఎందుకు పంపినవు?"

కాశీరాంకు కాసేపు అర్థం కాలేదు. తరువాత మెల్లగా చెప్పాడు. "మా ఇంజినీరు ఇచ్చిండు బిడ్డా. గాయనది గ్రీసు దేశం."

"గ్రీసా? బండి ఇరుసుకు పెట్టేదా?" అంది భాగ్యవ్వ. వచ్చిన తరువాత కాశీరాం మొదటిసారి నవ్వాడు. లోపల పొయ్యి ముందున్న అంజవ్వ చెయ్యి ఆగిపోయింది. ఆ నవ్వు వినగానే ఎడమ చెంప మీద పడే సొట్టతో సహా అతని ముఖమంతా ఆమెకు గుర్తొచ్చింది.

"శుక్రారం సెలవు నాడు మేముండే క్యాంపుల అందరం చూసినం," అన్నాడు కాశీరాం. "మనోళ్లు నవ్వి లేసి పోయిన్రు. నేను పోలే. గా పిల్ల నీ ఈడుదే. నా బిడ్డ గూడ గిట్లనే పెద్దగైతున్నది గదా, రేపు నేను ఇంటికి పోతే గుర్తువడతనో లేదో అని మస్తు భయమైంది. నువ్వు గూడ చూస్తవని పంపిన. భయపడతవని ఆలోచన చెయ్యలే."

"మరి ఎవల బిడ్డవని అడగవడితివి?"

అతను తల దించుకున్నాడు. "తొవ్వ పొడుగునా నా మనసుల నీకు ఆరేండ్లే. గా చిన్న పిల్లనే తలుపు తీస్తదనుకున్న. నువ్వు తీసినవు. నోట్లకెల్లి మాట ఎల్లిపోయింది. ఎల్లిపోయినంక తెలిసింది. గప్పటిసంది నాకు నిద్ర లేదు."

గంగామణి గడప మీద కూర్చుంది. "ఆఖరికి గుర్తువడతరా? మాకు కరెంటు పోయింది."

అబద్ధం చెబుదామా అన్నట్టు అతను ఒక క్షణం ఆగాడు. "లేదు. గుర్తువట్టరు. పిల్ల ఏడికి పోకుంట ఆ ఇంటి ముందలనే కూసుంటది. పొద్దుగూకినంక తల్లి గంపెడు చిక్కుడుకాయలు తెచ్చుకొని పక్కకు కూసుంటది. ఇద్దరు ఒలుస్తుంటరు. గంతే."

"నాకు నువ్వంటె భయమైతున్నది," అంది గంగామణి.

"నాకు గూడ నువ్వంటె భయమే బిడ్డా."

ఆమె పుస్తకాలు తీసుకుని బడికి పోయింది. సాయంత్రం భాగ్యవ్వ ఇంటికి పోకుండా తిన్నగా ఇంటికే వచ్చింది. తండ్రికి దూరంగా, తల్లికి అవతలి పక్క కూర్చుని తిన్నది. మరికొన్నాళ్లకు తన క్లాసులో ఎవరు లెక్కలు బాగా చేస్తారో చెప్పింది. చెబుతూ ఒకసారి బాపూ అంది. అన్నట్టు ఆమెకే తెలియలేదు. కాశీరాం మాత్రం అన్నం కలుపుతున్న చేతిని కాసేపు కదపలేదు.

ఆ ఎండాకాలం పెర్కిట్ ఊరి పక్కన తమకున్న కొద్దిపాటి చేనులో పసుపు ఉడకబెట్టారు. తండ్రీకూతుళ్లు కడాయి కింద మంట ఎగదోస్తున్నారు. సాయానికి వచ్చిన భాగ్యవ్వ అంజవ్వతో అంది.

"గానాడు గల్లీల గట్ల నిలబడిపోతివేందే? నేను గాబరైన. నువ్వన్న గాయన్ను గుర్తువట్టినవా లేదా అని."

మంట దగ్గర కాశీరాం తలెత్తి చూశాడు.

"గుర్తువట్టకుంట ఎట్లుంట అక్కా?" అంది అంజవ్వ. అని, కాశీరాం వైపు చూడకుండా, ఖాళీ గంప ఎత్తుకుని కుప్ప దగ్గరికి నడిచింది.