ఆపిన ఇంజనులో వేడి

మీరాలం చెరువులో కృష్ణయ్య కోసం వెతకడం మొదలై అది రెండో రోజు. ఉస్మాన్‌గంజ్‌లో మిరప బస్తాలు మోసే హమాలీ అతను. ఇంట్లో మాటామాటా పెరిగి బయటికి పోయినవాడు తిరిగి రాలేదు. కట్ట మీద చెప్పులు, టిఫిను గిన్నె దొరికాయి, మనిషి దొరకలేదు. అతని పెళ్లాం చంద్రమ్మ నిన్నటి నుంచి ఆ చెప్పుల పక్కనే కూర్చుని ఉంది.

వెతకడానికి ఉన్నది ఒక్కటే మోటారు బోటు. పాత జీపు పెట్రోలు ఇంజను తెచ్చి దానికి బిగించారు. ఆదివారాలు జనాన్ని తిప్పుతుంది, ఎవరైనా మునిగితే నీళ్ల అడుగున కొక్కేలు ఈడుస్తుంది. అది నిన్న నాలుగుసార్లు నడి చెరువులో చచ్చి ఊరుకుంది. ప్రతిసారీ ఇగ్నిషన్ కాయిలు, అంటే ప్లగ్గులకు నిప్పురవ్వ అందించే ఆ చిన్న డబ్బా, చెయ్యి పెట్టలేనంత వేడి. తెడ్లు వేసుకుంటూ ఒడ్డుకు రావడం, చల్లారేదాకా కూర్చోవడం. కొత్త కాయిలు వేశారు. దానిదీ అదే తంతు.

అందుకే చాంద్రాయణగుట్ట చౌరస్తాలో జీపులకు, ఆటోలకు వైరింగు పని చేసే సీతారాంను పిలిపించారు. రేపటి నుంచి బోటు వినాయకుళ్ల నిమజ్జనానికి పోతుంది. దొరికితే ఈ సాయంత్రంలోపే దొరకాలి. గుర్రపుడెక్క కింద ఇరుక్కున్న మనిషి తనంతట తాను తేలడం కల్ల.

“నీళ్లల్ల పీనుగున్నప్పుడే గిట్లయితది ఉస్తాద్,” అన్నాడు బోటు నడిపే ప్రేమ్‌రాజ్, మెడలోని శిలువను వేళ్లతో తిప్పుతూ. “ఆదివారం పొద్దుగూకేదాక తిప్పినా ఒక్కపారి ఆగదు. పోయినేడు గూడ ఒకడు మునిగితే గిదే లొల్లి. పోయినోనికి పైకి వచ్చుడు ఇష్టం లేదు.”

“పీనుగు కాయిల్ని ఎట్ల కాలుస్తదిరా, నీ నోట్ల మన్నువడ! పానా ఇయ్యి.”

సీతారాం చావి పెట్టి తిప్పాడు. స్విచ్చి అరిగిపోయింది, పది వంకర్లు తిప్పితే గానీ పట్టుకోలేదు. బ్యాటరీ చూశాడు, డైనమో చూశాడు. పాయింట్ల సందు సరిచేశాడు, కండెన్సరు మార్చాడు. బోటును ఒడ్డుకు కట్టేసి ముప్పావుగంట ఇంజను నడిపించాడు. కాయిలు గోరువెచ్చగా అయింది, అంతకు మించి ఏమీ కాలేదు. వైద్యుడి గడప తొక్కగానే తగ్గిపోయే పంటినొప్పి అది.

చంద్రమ్మ కట్ట దిగి వచ్చింది.

“అయిందా అన్నా?”

“అయితది చెల్లె. ఫికర్ జెయ్యకు.”

“అయితదా అని అడుగుతలేను.” గొంతు తగ్గించింది. “ఆయన నీళ్లల్ల లేడు. గందుకే బోటు పోతలేదు. నన్ను బెదిరియ్యనీకె చెప్పులిడిసి ఏ బీదరుకో పోయిండు. పోయినసారి గిట్లనే అలిగి పదకొండు దినాలకు వచ్చిండు. నీతోని గాదని చెప్పు అన్నా. నాకు గంతే చాలు.”

సీతారాం వేళ్ల మధ్య గ్రీజును గుడ్డతో తుడుచుకున్నాడు. ఆమె మొహం చూడటానికి ధైర్యం చాల్లేదు. ఒడ్డున రోగం బయటపడలేదు కాబట్టి తనూ బోటెక్కుతానన్నాడు.

తూము దగ్గర ప్రేమ్‌రాజ్ చోకు లాగి ఇంజను గొంతు నొక్కాడు. ఈతగాళ్లకు బోటు కింది ఫ్యాను రెక్కలు తగలకూడదు కదా. బోటులో వచ్చిన ఈతగాళ్లిద్దరూ నీళ్లలోకి దిగారు. చప్పుడు పోయింది. పావుగంట గడిచాక సీతారాం ఊరికే కాయిలు మీద చెయ్యి వేసి, చురుక్కుమని వెనక్కి లాక్కున్నాడు.

నడవని ఇంజనులో కాయిలు కాలడమేమిటి?

చావి వైపు చూశాడు. చావి ఆన్‌లోనే ఉంది. బంద్ చేస్తే మళ్లీ పట్టుకోదని ప్రేమ్‌రాజ్ దాన్ని అసలు ముట్టడు, చోకుతోనే ఆపుతాడు. ఆగిన ఇంజనులో పాయింట్లు, అంటే కాయిలుకు కరెంటు కలిపి తెంపే ఆ రెండు ముక్కలు, అతుక్కుని ఉండిపోతే బ్యాటరీ కరెంటు తెరిపి లేకుండా కాయిలులోకే పోతుంది, పొయ్యి మీద పాలు పెట్టి పక్కింటికి ముచ్చట్లకు పోయినట్టు. ఆదివారాలు జనాన్ని తిప్పేటప్పుడు ఇంజను ఆపే పని లేదు, అందుకే ఆ రోజు జబ్బూ లేదు.

ప్రేమ్‌రాజ్ నీళ్లకేసి చూస్తున్నాడు. ఇది తెలిసినవాడు సీతారాం ఒక్కడే. చెయ్యి ముడుచుకుని కూర్చుంటే ఇంకో పావుగంటలో కాయిలు పోతుంది, తర్వాత పొద్దూ పోతుంది, కట్ట మీద ఆ ఆడమనిషికి కృష్ణయ్య బీదర్‌లో అలిగి బతికే ఉంటాడు. ఈ మాట సీతారాంకు తట్టింది. తట్టేసరికే వేళ్లు చావిని బంద్‌కు తిప్పేశాయి. ఇరవై రెండేళ్ల అలవాటు మనసును అడిగి పని చెయ్యదు. తిప్పినదాన్ని మళ్లీ తిప్పొచ్చు. తిప్పలేదు.

“తువ్వాల తడిపియ్యిరా,” అన్నాడు. తడిగుడ్డ కాయిలుకు చుట్టాడు.

ఆ తర్వాత ఇంజనును ఆరుసార్లు ఆపారు, ఆరుసార్లూ చావిని పది వంకర్లు తిప్పాక రాజుకుంది. అయిదింటికి తూము పక్కన, గుర్రపుడెక్క కింద, కొక్కేనికి బరువు తగిలింది. ప్రేమ్‌రాజ్ గుండెల మీద శిలువ గుర్తు వేసుకున్నాడు.

ఒడ్డున చొక్కా చూసి చంద్రమ్మ గుర్తుపట్టింది. చుట్టూ ఆడవాళ్లు గొల్లుమన్నారు, ఆమె అనలేదు. సంచిలో పానాలు సర్దుకుంటున్న సీతారాం దగ్గరికి వచ్చి నిలబడింది.

“బోటుకేమైందన్నా?”

“చావి బంజెయ్యకుంట ఇడిసిపెడుతున్నరు చెల్లె. గందుకే కాలింది.”

“గంతేనా?”

“గంతే.”

“బంజేసింది నువ్వేనా?”

సీతారాం తలూపాడు.

“నీతోని గాదని చెప్పుమంటి గద అన్నా,” అంది చంద్రమ్మ. అని, పోయి మొగుడి తల పక్కన కూర్చుంది.