సినిమా అయిపోయాక మిగిలిన జాగా

“అంత లైటు పిల్ల మొహాన కొడితే దిష్టి తగలదాండీ?” అని మాణిక్యం భర్తని అడిగింది. అప్పటికింకా ఏమీ జరగలేదు. కెమెరా తిరగడం కూడా మొదలవలేదు.

నేను ఒక వీడియో క్యాసెట్‌ని. ఆ ప్రశ్న వినేటప్పటికి కెమెరా పొట్టలో కూర్చుని ఉన్నాను. ఎక్కడో చలిదేశపు ఫ్యాక్టరీలో, తల నుంచి కాలి దాకా తెల్లబట్టలు చుట్టుకున్న మనుషులు నన్ను తయారుచేశారు. నా రిబ్బను మీద దుమ్ము పడుతుందేమోనని వాళ్లు ఊపిరి కూడా గట్టిగా పీల్చేవాళ్లు కాదు. అంత జాగ్రత్తగా పుట్టించి తణుకు పంపారు. ఎండ, తడి, అయస్కాంతం, ఈ మూడూ నాకు శత్రువులని నా అట్ట మీదే రాసి ఉంది. మనుషుల సంగతి రాయలేదు.

ఆ రోజు హైమకి ఓణీల ఫంక్షన్. మాణిక్యానికీ, చక్కెర మిల్లులో పనిచేసే ధర్మారావుకీ అప్పటికి ఒక్కతే కూతురు. పందిరి కింద పూలజడ ముందుకేసుకుని కూర్చుంది. వచ్చినవాళ్లందరూ అక్షింతలు వేసి, ఆ పిల్లని కాకుండా కెమెరానే చూశారు. అందరూ వెళ్లిపోయాక కెమెరా అతను మిగిలిన రిబ్బను వృథా పోతుందని ఊరికే తిప్పుతూ ఉంటే, హైమ ఓ మూల నిలబడి బూందీ నోటినిండా పెట్టుకుని “చాలండి, ఇంక ఆపండి” అని నవ్వింది. అక్కడితో నేను అయిపోయాను.

ఆ వానాకాలం పిల్లకి కామెర్లు వచ్చాయి. పసరు వేయించారు, చేతికి కాల్పించారు, చివరికి ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఆలస్యమైందన్నారు.

మాణిక్యం మాత్రం తప్పు నాదే అంది. లైటు వల్ల దిష్టి తగిలిందంది. పొద్దున నన్ను తిట్టేది, సాయంత్రానికి నన్నే గుండెలకి హత్తుకునేది. ఒకరోజు నన్ను నేలకేసి విసిరి, “దీన్ని నా కళ్లకి కనపడనీకండి. ఎక్కడన్నా పారేసి రండి” అంది. ధర్మారావు మాట వినే మనిషి. మారు మాట లేకుండా నన్ను తీసుకెళ్లి వీడియో కొట్టు బాపిరాజుకి ఇచ్చేశాడు.

బాపిరాజు నా వీపు మీద ఉన్న చిన్న రంధ్రానికి కాగితం అంటించాడు. అది మూసేస్తే పాతదాని మీద కొత్తది ఎక్కించవచ్చు. అప్పుడే ఆడుతున్న ఒక సినిమా నా మీద ఎక్కించాడు. పందిరి పోయింది, అక్షింతలు పోయాయి, హారతి పోయింది. హీరో గుర్రమెక్కి వాటన్నిటి మీదుగా వెళ్లిపోయాడు. కానీ సినిమా నాకంటే కాస్త పొట్టిది. శుభం కార్డు పడ్డాక, తెర మీద చీమలు పాకినట్టయ్యి, ఆ చివరి ముక్కలో హైమ మిగిలిపోయింది.

అప్పటి నుంచి నాది అద్దె బతుకు. పెళ్లివారిళ్లు, లాడ్జి గదులు, ఎరువుల కొట్టు పైన మేడగది, అన్నీ తిరిగాను. వీసీఆర్ మిషన్ నమిలేస్తుందేమోనని ప్రతి ఇంట్లోనూ భయమే. నమిలితే ముందు చివరి ముక్కే పోతుందేమోనని ఇంకా భయం. సినిమా అయ్యాక టీవీ కట్టడం మరిచిన ఇళ్లలో హైమ కనపడేది. “ఎవర్తిరా ఇది, బూందీ తింటంది” అని నవ్వుకునేవాళ్లు. ఒకింట్లో పిల్లలు ఆ పిల్లలాగే నోరు నింపుకుని “చాలండి, ఇంక ఆపండి” అని ఆట కూడా ఆడారు.

అలా చూసిన పక్కింటి బేబమ్మే వచ్చి మాణిక్యానికి చెప్పింది. “మీ హైమ ఆ గుర్రం సినిమా చివర్న ఉందే. బొద్దుగా భలే ఉంది.”

ఇంక ధర్మారావు డ్యూటీకి వెళ్లినప్పుడల్లా మాణిక్యం మిషన్ ఉన్న బేబమ్మ ఇంటికి నన్ను అద్దెకి తెచ్చుకునేది. తిరిగిచ్చేటప్పుడు వెనక్కి తిప్పేది కాదు.

“మాణిక్యం గారూ, మీరెప్పుడూ చివరే చూత్తారేంటండీ? కథంతా ముందే ఉంటాది కదా” అనేవాడు బాపిరాజు.

“క్యాసెట్ నాకిచ్చెయ్యండి బాబూ. మా పిల్ల అందులోనే ఉండిపోయింది.”

“దీనికింకా గిరాకీ ఉందండి. మీ పిల్ల కోసమని హీరోని కూడా ఇచ్చెయ్యమంటారా?” అనేవాడు. కొట్టులో ఉన్నవాళ్లు నవ్వేవాళ్లు.

ఇంటికెళ్లి ఆ కసి మొగుడి మీద తీర్చుకునేది. “కన్నకూతుర్ని కొట్టువాడికి అప్పజెప్పి వచ్చిన మహానుభావుడు” అనేది అన్నం వడ్డిస్తూ. ధర్మారావు తల వంచుకుని తినేవాడు. నువ్వే కదా పారేయమన్నావు అని ఒక్కసారి కూడా అనలేదు. తర్వాత కొడుకు కిశోర్ పుట్టాడు, పెద్దవాడయ్యాడు. అక్క ఒకతె ఉండేదని తప్ప ఆ ఇంట్లో వాడికెవరూ ఏమీ చెప్పలేదు.

కాలం మారి కొట్టు మూసేసేటప్పుడు బాపిరాజు నన్ను మాణిక్యం చేతిలో పెట్టాడు. “పట్టుకెళ్లండి. ఇప్పుడెవడిక్కావాలి” అన్నాడు. అప్పటికి ఊళ్లో ఆడే మిషన్ ఒక్కటీ లేదు. ఆమె నన్ను చూడగలిగిన రోజుల్లో నేను ఆమె సొత్తు కాదు. ఆమె సొత్తునయ్యాక చూసే దారి లేదు. బిస్కెట్ల డబ్బాలో, పట్టుగుడ్డ చుట్టి దాచింది. బూజు పడుతుందేమోనని అప్పుడప్పుడూ తీసి తుడిచేది.

మొన్నీమధ్య కిశోర్ గోడంత టీవీ తెచ్చాడు. “ఇందులో సినిమాలన్నీ ఉంటాయమ్మా. అద్దెకి తేనక్కర్లేదు, తిరిగివ్వక్కర్లేదు, అరిగిపోవు.”

మాణిక్యం నన్ను తెచ్చి చూపించింది. “ఇదుంటదా?”

వాడు నా మీద రాసిన సినిమా పేరు చదివి, రిమోట్ నొక్కి, “ఇదిగో. అద్దంలా ఉంది” అన్నాడు.

“చివరిదాకా ఉందంట్రా?”

“మొత్తం ఉందే అమ్మా. ఎప్పుడు కావాలంటే అప్పుడు చూసుకో.”

ఆ మాటకి ఆమె మొహం ఎలా విప్పారిందో వాడు చూడలేదు. ఫోను చూసుకుంటున్నాడు.

మర్నాడు పొద్దున్నే కౌలు రైతు ముత్యాలు గుమ్మంలోకి వచ్చాడు. “అమ్మా, పాత క్యాసెట్లేమన్నా ఉంటే ఇత్తారా? పిట్టలు గింజలో పాలు తాగేత్తన్నాయి. రీలు కడితే గాలికి జుయ్యిమంటాది, దగ్గరికి రావు.”

“తీసుకో బాబూ. ఇంక దీంతో పనేముంది? అందులోకి వచ్చేసింది కదా” అని మాణిక్యం టీవీ వైపు చూపించి నన్ను ఇచ్చేసింది. పట్టుగుడ్డ మాత్రం ఉంచుకుంది.

ముత్యాలు అరుగు మీదే కూర్చుని నా రిబ్బను లాగి కర్రకి చుట్టుకున్నాడు. వెనక్కి తిప్పకుండా దాచింది కదా, అందుకని ముందు హైమే బయటికొచ్చింది. అక్కడక్కడా బూజు అంటుకుంటే ఆ మేరకి పంటితో తెంపి ఉమ్మేశాడు. ఉత్త పెంకుని కిటికీలో పెట్టేసి వెళ్లిపోయాడు.

సాయంత్రం మాణిక్యం తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని టీవీ ముందు కూర్చుంది. ధర్మారావు పడక్కుర్చీలో ఉన్నాడు. కిశోర్ సినిమా పెట్టాడు. నిజమే, అద్దంలా ఉంది. గుర్రం ఒంటి మీద చెమట కూడా కనపడుతోంది. నా గీతల వెనక ఇన్ని రంగులున్నాయని నాకే తెలియదు. పాటలకి ఆమె కదల్లేదు, ఫైట్లకి కళ్లు ఆర్పలేదు. శుభం పడింది. ఆమె ముందుకి జరిగింది.

తెర మీద చీమలు పాకలేదు. మూలన ఓ చిన్న పెట్టెలో వేరే సినిమా బొమ్మ వచ్చి, అంకెలు తగ్గడం మొదలైంది. నాలో సినిమా అయిపోయాక కూడా జాగా ఉండేది. ఆ టీవీలో ఆ పాటి జాగా కూడా లేదు. మనుషులకి ఎదురుచూసే పని లేకుండా చేశారట.

“ఆపరా, ఆపు. ఇప్పుడే వస్తది.”

“ఏమొస్తది? సినిమా అయిపోయింది కదా.”

“అక్కరా. బూందీ తింటా ఉంటది. మొత్తం ఉందన్నావు కదా.”

కిశోర్‌కి అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక రిమోట్ పక్కన పెట్టేశాడు. కొత్త సినిమా దానంతటదే మొదలై, ఎవరో చిందులు వేస్తున్నారు.

“మాట్లాడవేంట్రా? ఏవండీ, మీరైనా చెప్పండి. అది ఎక్కడుంది?”

వాడు తల వంచుకున్నాడు. ఆమె వాణ్ని చూసింది, తెరని చూసింది, కిటికీలో ఉన్న నన్ను చూసింది. నా రెండు చక్రాలూ ఖాళీగా ఉన్నాయి. తెర మీద ఒక పాట మొదలై అయిపోయింది.

అప్పుడు ధర్మారావు కుర్చీలోంచి లేవకుండానే, గొంతు కూడా పెంచకుండా చెప్పాడు.

“ఈసారి నేను ఇవ్వలేదే మాణిక్యం. నువ్వే ఇచ్చేశావు.”