బస్సు డ్రైవరు కనురెప్పలు

ఇరవయ్యారేళ్ల సర్వీసులో ఒక్క మాట పడని డ్రైవరు మీద ఫిర్యాదు వచ్చింది. బస్సు నడుపుతూ కునుకు తీస్తున్నాడని ఎవరో ప్రయాణికురాలు ఫొటోతో సహా పంపింది. డిపో మేనేజరు ఆ ఫొటో చూపించాడు. స్టీరింగు పట్టుకున్న మనిషి కళ్లు అరమోడ్పుగా ఉన్నాయి. తన మొహం చూసి డ్రైవరుకి తన మీదే అనుమానం వచ్చింది.

నిద్ర కాదని ఎంత మొత్తుకున్నా మేనేజరు అవుననలేదు, కాదనలేదు. కంటి పరీక్ష చేయించుకుని కాగితం తెచ్చేదాకా బండెక్కొద్దన్నాడు.

నిజానికి కొన్నాళ్లుగా సిగ్నల్ దగ్గర పైన వెలిగే దీపం కనబడాలంటే అతను మెడ వెనక్కి వాల్చాల్సి వస్తోంది. కనుబొమలు ఎత్తి ఎత్తి సాయంత్రానికి నుదురు పీకేది. వయసు మీద పడుతోందని సరిపెట్టుకుని ఎవరికీ చెప్పలేదు.

కంటి డాక్టరమ్మ అతని గడ్డం ఒక యంత్రానికి ఆనించి, వెలుగు చుక్క కనబడ్డప్పుడల్లా మీట నొక్కమంది. పై సగంలో చాలా చుక్కలు అతనికి కనబడనే లేదు. తర్వాత రెప్పలు పైకి లాగి టేపు అంటించి మళ్లీ చేయించింది. ఈసారి మీట మీద వేలు ఆగితే ఒట్టు.

"చూపు బాగానే ఉంది. రెప్పల మీద చర్మం సాగి కళ్లకి అడ్డం పడుతోందంతే," అంది. ఎక్కువైన చర్మం తీసేసి కుట్లు వేస్తే చాలనీ, మొహం కూడా ఓ పదేళ్లు వెనక్కి వెళుతుందనీ చెప్పింది.

"మొహం సంగతి వదిలేయండమ్మా. సిగ్నల్ కనబడితే అంతే చాలు," అన్నాడు సిగ్గుపడుతూ.

ఈ వయసులో సోకులేమిటి బావా అని బావమరిది ఆటపట్టించాడు. భార్య మాత్రం ఆపరేషన్ రోజున బట్టల షాపులో తన ఉద్యోగానికి సెలవు పెట్టి వెంట వచ్చింది.

మత్తు రెప్పలకే ఇచ్చారు. డాక్టరమ్మ ముందు పెన్నుతో గీతలు గీసుకుంది. లాగుతున్నట్టు తెలిసింది కానీ నొప్పి తెలియలేదు. మధ్యమధ్య కళ్లు తెరవమంటే తెరిచాడు, మూయమంటే మూశాడు. ఇంటికొచ్చి అద్దం చూసుకున్నాడు. ఎవరో చితకబాదినట్టు రెండు కళ్లూ నల్లగా ఉబ్బిపోయాయి. భార్య గంటగంటకీ చల్లటి గుడ్డ వేసింది, వేళ తప్పకుండా చుక్కల మందు పోసింది. ఆరో రోజున కుట్లు తీశారు. మూడు వారాలకి వాపు తగ్గింది. మళ్లీ కంటి పరీక్ష చేయించుకుని నెగ్గాడు, కాగితం డిపోలో ఇచ్చాడు. సోమవారం నుంచి డ్యూటీ.

ఆదివారం భోజనాల దగ్గర భార్య షాపులో జరిగిన గొడవేదో చెబుతూ ఠక్కున ఆగిపోయింది.

"ఆపేశావేం?"

"మీరు వింటున్నారు," అందావిడ, ఆశ్చర్యంగా.

"ఎప్పుడు వినలేదు?"

"నాకేం తెలుసు? నేను నోరు విప్పితే చాలు, మీ రెప్పలు వాలిపోయేవి. విసుగేమోనని సగం మాటలు మింగేసేదాన్ని."

డ్రైవరు చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాడు. ఏదో చెబుతూ చెబుతూ, పోన్లెండి, పడుకోండి అని ఆవిడ లేచి వెళ్లిపోయిన సాయంత్రాలు ఎన్నో. తనతో కూర్చోవడం ఆవిడకే ఇష్టం లేదేమో అనుకునేవాడు. ఆ మాట ఇప్పుడు చెప్పేశాడు. ఆవిడ అతని కళ్లలోకే చూస్తూ వింది.

"మింగేసినవాటిలో ఒకటి చెప్పు," అన్నాడు.

ఆవిడ తనలో తనే నవ్వుకుని, నాలుగేళ్ల కిందట ఒకాయన కొన్న చొక్కాను మూడుసార్లు మార్చుకుని చివరికి మొదటిదే పట్టుకెళ్లిన సంగతి ఎత్తుకుంది. అందులోంచి ఇంకొకటి వచ్చింది. దాంట్లోంచి మరొకటి. ఇద్దరి చేతులూ కంచాల్లోనే ఎండిపోయాయి.