పడని సమ్మెట దెబ్బ

నేను ఒక టగ్గు పడవను. నౌకాదళంలో ముప్పై ఒక్క ఏళ్ళు కొలువు చేసి, ఒక్క గుండు కూడా పేల్చనిదాన్ని. ఇప్పుడు ఇంజను ఊడదీసిన ఒంటితో ఇసుకలో ఒరిగి ఉన్నాను. రేపో మాపో నన్ను ముక్కలు చేసే కోతగాళ్ళు వస్తారు.

విశాఖపట్నం రేవులో నావికులు నన్ను గున్న అని పిలిచేవారు. పొట్టి ఒళ్ళు, పెద్ద ఇంజను. నాకంటే ఎన్నో రెట్లు పెద్ద ఓడలను గట్టు నుంచి లాగి, సన్నటి కాలువ దాటించి, సముద్రంలో వదిలి రావడం నా పని. బ్యాండు మేళం, పూలు అన్నీ ఆ ఓడలకే. గట్టు మీద ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకుంటూ చేతులూపేవారు. వాళ్ళ మనుషుల్ని వాళ్ళ నుంచి విడదీసి తీసుకుపోతున్నది నేనేనని ఒక్కరికీ తోచేది కాదు. నాకు తోచేది. ఎన్నేళ్ళయినా ఆ బెంగ అలవాటు కాలేదు.

నా వెనక డెక్కు మీద ఒక ఇనుప కొక్కెం ఉండేది. ఓడ నుంచి దించిన మోకును దానికి తగిలిస్తారు. కాలువ దాటాక ఈల వినబడగానే సమ్మెటతో ఒక్క దెబ్బ కొడితే కొక్కెం తెరుచుకుని మోకు జారిపోతుంది. పదకొండేళ్ళు ఆ దెబ్బ కొట్టినవాడు గనగళ్ల పోలయ్య, భీమిలి దగ్గరి పల్లెవాడు. అతని తమ్ముడు దానయ్య మా రేవులోనే ఒక యుద్ధనౌక మీద నావికుడు.

అన్నదమ్ములకు రెండేళ్ళ పాటు మాటల్లేవు. తల్లి పోయిన నాటికి దానయ్య నడిసముద్రంలో ఉన్నాడు. వైశాఖం ఎండలు. చేపల కోసం తెచ్చే ఐసు దిమ్మల మీద ఆమెను రెండు రోజులు ఉంచి, ఇక ఉంచలేక మూడోనాడు పోలయ్య తలకొరివి పెట్టాడు. నాలుగోనాడు దానయ్య దిగాడు.

"ఒక్కరోజు ఆగలేకపోనావేటి?" అని అడిగి, జవాబు వినకుండానే వెళ్ళిపోయాడు.

ఆ రెండేళ్ళ చివర అతని ఓడను పూర్తిగా బొంబాయికి మార్చేశారు. ఆ జవాబు చెప్పడానికి పోలయ్య మూడుసార్లు ఓడ మెట్ల దాకా వెళ్ళాడు. మూడుసార్లూ తమ్ముడు డ్యూటీలో ఉన్నాడనే కబురొచ్చింది.

బయల్దేరిన ఉదయం దానయ్య ఓడ ముందుభాగంలో మోకు దగ్గర నిలబడ్డాడు. పోలయ్య నా మీద, కొక్కెం దగ్గర. దారంతా దానయ్య అన్న తల మీదుగా కొండకేసే చూశాడు. కాలువ దాటాం. ఈల వినబడింది. సరిగ్గా అప్పుడే అతను కిందికి చూశాడు.

పోలయ్య సమ్మెట ఎత్తాడు. కొట్టలేదు.

"అమ్మ రూపు మారిపోనాదిరా," అని గొంతెత్తి అన్నాడు. "నీకలా సూపించలేకపోనాను."

"తాడొగ్గరా పోలీ, మునిగిపోతాం!" నన్ను నడిపే సారంగు సన్యాసయ్య అరిచాడు.

అప్పటికే ఓడ వేగం అందుకుంది. మోకు నన్ను అడ్డంగా గుంజింది. నేను ఒరిగాను. నీళ్ళు డెక్కెక్కి పోలయ్య నడుము దాకా వచ్చి, సమ్మెటను ఎత్తుకుపోయాయి. నావంటి పడవలు అరనిమిషంలో బోల్తాపడేది ఇలాగే. అంత భయంలోనూ నాకొకటే ఆరాటం, ఆ మాట తమ్ముడికి వినబడిందా అని.

"అన్నా" అంటూ పైనుంచి కేక. దానయ్య ఎవరి ఆజ్ఞా లేకుండా గొడ్డలి అందుకుని మోకు మీద రెండు వేట్లు వేశాడు. మోకు తెగింది. నేను లేచి నిలబడ్డాను. ఓడ ఆగలేదు.

కొక్కెం బిగిసిపోయిందని విచారణలో సన్యాసయ్య చెప్పాడు. అధికారులు దాన్ని మార్చి, లోపం నాదని కాగితాల్లో రాసుకున్నారు. మనుషుల తప్పులు మోయడం ఇనుముకు కొత్త కాదు. నేనూ కాదనలేదు.

నెల తర్వాత దానయ్య నుంచి ఉత్తరం వచ్చింది. పోలయ్య నా మీదే కూర్చుని పైకి చదివాడు. "ఇంజను మోతలో నువ్వన్నది వినబళ్ళేదు. ఏటన్నావో రాయి."

చదివి, సెలవు అడిగాడు.

"రాయమన్నాడు గానీ రమ్మన్లేదు గదరా," అన్నాడు సన్యాసయ్య. "బొంబాయంటే పక్క వీధనుకున్నావేటి?"

"రాస్తే సాలదు బాబూ."

పన్నెండో రోజున తిరిగొచ్చాడు. ముఖం అలిసిపోయి ఉంది.

"ఏటన్నాడ్రా?" అని అడిగాడు సన్యాసయ్య.

"ఏటీ అన్లేదు బాబూ. సెప్పినాను. మళ్ళీ సెప్పమన్నాడు. అలాగ తెల్లారిపోనాది."